సెలవు ఎవరిస్తారు?

తెలుగులో 'సెలవు' అనే మాటకి మూడు అర్థాలున్నాయి. మొదటిది అనుమతి. ఆదివారం సెలవు అంటే పని లేని రోజు అనుకుంటాం గానీ, పనికి రాకపోయినా ఫర్వాలేదని ఎవరో అనుమతించిన రోజు అని దాని అసలు అర్థం. 'సెలవిప్పించండి' అన్నప్పుడు ఆ అర్థం ఇంకా వినపడుతుంది. రెండోది ఖర్చు. ఇది ఇప్పుడు మన వాడుకలో లేదు, నిఘంటువుల్లో ఉంది. పక్కన తమిళంలో మాత్రం ఇప్పటికీ సెలవు అంటే ఖర్చే. మూడోది వీడ్కోలు. ఉపన్యాసం చివర, ఉత్తరం చివర, 'ఇక సెలవు.'

ఈ మూడూ వేరే వేరే సంగతులని చాలాకాలం అనుకున్నాను. కాదేమో అని మొదటిసారి అనిపించింది ఒక హాలిడేలో. ఆ హాలిడే గురించి చెప్పాలంటే స్పెయిన్ నుంచి మొదలుపెట్టాలి.

2011లో 'జిందగీ నా మిలేగీ దొబారా' వచ్చినప్పుడు మేం ఇంజినీరింగ్‌లో ఉన్నాం. మా బ్యాచ్‌లో సగంమందికి స్పెయిన్ అంటే ఆ సినిమానే. తెల్ల గోడల ఇల్లు, ముందు సముద్రం, పెద్ద టేబుల్ చుట్టూ పన్నెండు కుర్చీలు, ఎవరికీ ఎక్కడికీ పోయే తొందర లేదు. ఎప్పటికైనా అందరం కుటుంబాలతో అక్కడ ఒక విల్లా తీసుకుని వారం పడి ఉండాలని వాట్సాప్ గ్రూప్‌లో ఏడాదికోసారి తీర్మానం పాసయ్యేది. తర్వాత ఈఎంఐలు, పిల్లల బడులు, అమ్మానాన్నల మోకాళ్ళు, షెంజెన్ వీసా అపాయింట్‌మెంట్లు. చివరికి మాకు దొరికిన స్పెయిన్ సిద్దిపేట జిల్లాలో, తొగుట వైపు, మల్లన్నసాగర్ కట్ట కనపడే ఒక అద్దె ఫార్మ్‌హౌస్. మూడు కుటుంబాలు, రెండు రాత్రులు.

బావుంది. అబద్ధం చెప్పను, చాలా బావుంది. సాయంత్రం మేడ మీద కూచుంటే నీళ్ళ మీంచి గాలి. రిజర్వాయర్ అని తెలియకపోతే సముద్రమే అనుకునేంత నీళ్ళు. పిల్లలు కింద ఎక్కడో అరుస్తున్నారు. మా అమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, నీళ్ళ మీద వేలు పెట్టి చూపిస్తూ లెక్క మొదలుపెట్టింది. "ఈ దిక్కు పల్లెపహాడ్ ఉండె. ఆ దిక్కు వేములఘాట్. ఏటిగడ్డ కిష్టాపూర్ల మా మేనత్త ఇల్లు. సంక్రాంతికి ఎడ్లబండ్ల పోతుంటిమి." మా దోస్తు ఒకడు, మంచివాడు, అమ్మంటే గౌరవం ఉన్నవాడు, నవ్వుతూ అన్నాడు: "ఇప్పుడవన్నీ ఎందుకు ఆంటీ, ఆరాంగ కూసోండి." అమ్మ ఊరుకుంది. టాపిక్ మారింది.

వాడి మాట తప్పా? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. నీళ్ళ కింద ఊళ్ళుంటే ఒడ్డున కూచుని విశ్రాంతి తీసుకోవచ్చా? తీసుకుంటే, ఆ ఊళ్ళ మాట ఎత్తకుండా ఉండటం మర్యాదా, మరేదైనానా?

*

ముందు వాడి తరఫున మాట్లాడతాను. వాడి వాదన తేలికైంది కాదు.

వాడు చేసే ఉద్యోగంలో వారం విడిచి వారం ఆన్‌కాల్. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి లాప్‌టాప్ తెరవాలి. లీవ్ కావాలంటే పోర్టల్‌లో అప్లై చేసి, మేనేజర్ అప్రూవ్ చేసేదాకా ఎదురుచూడాలి. సెలవు అంటే అనుమతి అన్న పాత అర్థం మా పరిశ్రమలో చెక్కుచెదరలేదు. అలాంటి మనిషి ఏడాదికి రెండు రోజులు బుర్ర ఖాళీ చేసుకోవాలనుకుంటే అది విలాసం కాదు. విశ్రాంతి హక్కు అని 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణంలోనే రాసి ఉంది, జీతంతో కూడిన సెలవులతో సహా. ఆ హక్కు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఫ్రాన్స్‌లో 1936లో పెద్ద ఎత్తున సమ్మెలు జరిగాకే కార్మికులకు రెండు వారాల జీతపు సెలవు చట్టమైంది. స్పెయిన్ తీరంలో బెనిడోర్మ్ లాంటి చేపలు పట్టుకునే ఊరు ఆకాశహర్మ్యాల పట్నం అయ్యిందంటే, దానికి ఒక కారణం ఉత్తర యూరప్ ఫ్యాక్టరీ కార్మికుడి చేతికి ఆ రెండు మూడు వారాలు వచ్చి పడటం. సముద్రం ముందు కుర్చీ అంతకుముందు జమీందార్లది. కూలివాడికి కూడా ఆ కుర్చీ దొరకడం చిన్న సంగతి కాదు.

ఇంకో మాట కూడా వాడి తరఫున చెప్పాలి. అపరాధభావం ఎవరికీ ఉపయోగపడదు. నేను ఆ మేడ మీద మొహం వేలాడేసుకుని కూచుంటే ఏటిగడ్డ కిష్టాపూర్‌లో ఒక్క గుంట భూమి కూడా పైకి తేలదు. ఉర్సులా లె గ్విన్ 1973లో రాసిన ఓమెలాస్ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊరంతటి సుఖం ఒక పిల్లవాడి బాధ మీద నిలబడి ఉంటుంది, అది తెలిసి కొందరు ఊరొదిలి నడిచి వెళ్ళిపోతారు. వాళ్ళంటే నాకు గౌరవమే గానీ, వాళ్ళు వెళ్ళాక కూడా ఆ పిల్లవాడు అదే గదిలో ఉంటాడు. ఒడ్డు మీంచి లేచి వెళ్ళిపోవడం నా చేతులు కడుక్కోవడమే, అంతకుమించి ఏం కాదు.

కాబట్టి విశ్రాంతి తీసుకోవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు: తీసుకోవచ్చు. కానీ హక్కు ఉందని ఒప్పుకున్నంత మాత్రాన అది దేనిమీద నిలబడి ఉందన్న ప్రశ్న పోదు. తీరికను గురించి అందరికంటే ముందు గట్టిగా ఆలోచించిన అరిస్టాటిల్ దగ్గరే ఈ ఇరుకు ఉంది. మనం పనిచేసేది తీరిక కోసం, అంతేగానీ తీరిక పని కోసం కాదంటాడు. ఈ మాట మా ఆఫీసులో ప్రతి మీటింగ్ రూమ్‌లో రాసిపెట్టాలి. అదే అరిస్టాటిల్, నాడె దానంతటదే బట్ట నేసేట్టయితే యజమానులకు బానిసల అవసరం ఉండదని కూడా అన్నాడు. నాడె దానంతటది కదలదు కాబట్టి బానిసలు ఉండాల్సిందేనని ఆ మాటకు వెనకున్న అర్థం. గొల్లభామ చీరలు నేసే సిద్దిపేటలో పెరిగినవాడికి ఆ ఉదాహరణ చప్పున తగులుతుంది. చీర అంచున ఆ పాలకుండ గొల్లభామ దానంతటది రాదు, ఎవరో మగ్గం మీద పోగు పోగు ఎంచి పెట్టాలి.

ఫార్మ్‌హౌస్‌కి తిరిగొస్తే, నాడె ఎవరు కదిపారు? విల్లాకీ హోటల్‌కీ ఒక తేడా ఉంది. విల్లాలో వంటిల్లు ఉంటుంది. 'మన ఇల్లులాగే ఉంటుంది' అని ప్రకటనలో రాస్తారు. మన ఇల్లులాగే ఉంటే మన ఇంట్లో ఎవరు పనిచేస్తారో అక్కడా వాళ్ళే చేస్తారు. మేం మటన్ మారినేట్ చేశామని మగవాళ్ళం రెండు రోజులు చెప్పుకున్నాం. పొద్దున టీ, పిల్లల పాలు, మధ్యాహ్నం పప్పు, గిన్నెలు, తడి బట్టలు మాత్రం ఎవరూ చెప్పుకోకుండానే అయిపోయాయి. కింద గేటు దగ్గర కాపలా ఉండే ఆయన, ఆయన భార్య నీళ్ళు తోడటం నుంచి చెత్త తీయడం దాకా చేశారు. వాళ్ళ సెలవు ఎవరు అప్రూవ్ చేస్తారో నేను అడగలేదు. ఒక గుంపు విశ్రాంతి తీసుకుంటోందంటే దాని చుట్టూ ఇంకో చిన్న గుంపు ఎప్పుడూ పనిలో ఉంటుంది. ఇంతవరకూ ఉన్నది అందరికీ తెలిసిన అన్యాయం, మాట్లాడితే కొంతైనా సర్దుకునేది. గిన్నెలు మగవాళ్ళు కడగొచ్చు, కాపలా ఆయనకి జీతం సరిగ్గా ఇవ్వొచ్చు.

నీళ్ళ సంగతి అలాంటిది కాదు.

*

ఇక్కడ సెలవు రెండో అర్థం వస్తుంది: ఖర్చు. మేం అద్దె కట్టాం, మూడు వాటాలు వేసుకుని. డబ్బులిచ్చాం కాబట్టి బాకీ లేదు అనేది మన కాలపు తీర్పు. ఆ లెక్క కొంచెం విప్పి చూద్దాం.

మల్లన్నసాగర్ కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో పెద్ద రిజర్వాయర్, 50 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. గోదావరి నీళ్ళు మిడ్‌మానేరు నుంచి అనంతగిరి, రంగనాయకసాగర్ మీదుగా పంపులతో మెట్టు మెట్టుగా ఎక్కి ఇక్కడికి చేరతాయి, ఇక్కణ్ణించి కొండపోచమ్మసాగర్‌కి పోతాయి. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దీనికోసం ఎనిమిది గ్రామ పంచాయతీలు ఖాళీ అయ్యాయి: వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, ఎర్రవల్లి, సింగారం. ఊరికే ఖాళీ కాలేదు. 2016లో వేములఘాట్‌లో రిలే నిరాహార దీక్షలు మొదలై రోజులు, నెలలు నడిచాయి. ఆ ఏడాది జులైలో రాజీవ్ రహదారి మీదికి బయల్దేరిన ఊళ్ళవాళ్ళ మీద లాఠీచార్జి జరిగింది. 2013 భూసేకరణ చట్టాన్ని పక్కన పెట్టి రైతుల 'సమ్మతి'తో భూములు కొనడానికి 2015లో తెచ్చిన జీవో 123ని 2016 ఆగస్టులో అప్పటి ఉమ్మడి హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు. భూమి లేని కూలీల మాటేమిటన్నది అప్పటి వాదనల్లో ముఖ్యమైన ప్రశ్న. భూమి ఉన్నవాడికి ధర కడతారు, ఆ భూమి మీద కూలి చేసి బతికేవాడికి ఏం కడతారు?

ఇవన్నీ చెప్పి రిజర్వాయర్ పాపం అని తేల్చేస్తే అదీ న్యాయం కాదు. సిద్దిపేట గట్టు మీది ప్రాంతం. ఏడాది పొడుగునా పారే నది లేదు. వందల అడుగుల లోతుకు బోర్లు వేసి, దుమ్ము తప్ప ఏమీ రాక, బొంబాయికో దుబాయ్‌కో పోయినవాళ్ళు లేని ఇల్లు మా బంధువుల్లో తక్కువ. ఎండాకాలంలో కూడవెల్లి వాగులో నీళ్ళు పారినప్పుడు ఒడ్డున నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్న ముసలివాళ్ళది నాటకం కాదు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజి పిల్లర్లు కుంగాక పథకం మొత్తం మీద అనుమానాలు వచ్చాయి, కమిషన్లు వచ్చాయి. అయినా నీళ్ళు అందిన పొలానికి నీళ్ళు అందినట్టే. కాబట్టి నా ప్రశ్న కట్టాలా వద్దా అని కాదు. కట్టినదానివల్ల వచ్చిన సుఖం ఎవరి ఖాతాలో పడింది, ఖర్చు ఎవరి ఖాతాలో రాశారు అని.

ధర కట్టే పద్ధతి చూడండి. 2013 చట్టం ప్రకారమైనా సరే, భూమి విలువకి మూలం ఆ చుట్టుపక్కల అంతకుముందు మూడేళ్ళలో జరిగిన రిజిస్ట్రేషన్లు. దాన్ని పల్లెల్లో కొంత హెచ్చించి, దానిమీద సొలేషియం కలుపుతారు. అంటే మూలధర నీళ్ళు రాకముందుది, ఎండిన నేలది. నీళ్ళు వచ్చాక ఒడ్డు మిగిలినవాడి భూమి ధర పెరిగింది. ఫార్మ్‌హౌస్‌లు, వీకెండ్ ప్లాట్లు, 'లేక్ వ్యూ' అనే మాట పుట్టాయి. ఆ వ్యూ ఎవరు తయారుచేశారు? ఊరు వదిలి వెళ్ళినవాడు. అతను వెళ్ళకపోతే నీళ్ళు లేవు, నీళ్ళు లేకపోతే వ్యూ లేదు. కానీ వ్యూ ధరలో అతనికి వాటా లేదు. మేం కట్టిన అద్దెలో ఇంటి యజమానికి, కాపలా ఆయనకి, కరెంటు బిల్లుకి వాటా ఉంది. మేం ముఖ్యంగా దేనికోసం వచ్చామో ఆ నీళ్ళు కనపడటానికి ఇల్లు ఇచ్చినవాడికి మాత్రం పైసా లేదు.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బిల్లు మొత్తం కట్టాం, కానీ ఇన్వాయిస్‌లో ఒక లైన్ రానేలేదు. రాని లైన్‌కి ఎవరూ డబ్బు అడగరు. అడగలేదు కాబట్టి బాకీ లేదని అనుకుంటాం. డబ్బులిచ్చాం కదా అన్న వాదనలో లోపం ఇక్కడుంది.

*

స్పెయిన్‌లో ఇదే లెక్క ఇంకోలా తేలుతోంది. 2024 ఏప్రిల్‌లో కెనరీ దీవుల్లో వేలమంది, మా ఊరు మాకు మిగలడం లేదని వీధుల్లోకి వచ్చారు. ఆ జులైలో బార్సిలోనాలో కొందరు హోటళ్ళ ముందు కూచున్న టూరిస్టుల మీద బొమ్మ తుపాకులతో నీళ్ళు చల్లారు. టూరిస్టులకు అద్దెకిచ్చే పదివేల పైచిలుకు అపార్ట్‌మెంట్ల లైసెన్సులు 2028 తర్వాత పొడిగించబోమని ఆ నగర మేయర్ ప్రకటించారు. సెలవు మీద వచ్చినవాడికి ఊరివాడు 'నీకెవడిచ్చాడు సెలవు?' అని అడగడమే ఇదంతా. అడగడం బావుందా లేదా అన్నది వేరే చర్చ. అడగడానికి అతను అక్కడ ఉన్నాడు. మల్లన్నసాగర్ ఒడ్డున మా మీద నీళ్ళు చల్లడానికి ఊరివాడంటూ ఎవరూ లేరు. అందుకే మా హాలిడే అంత ప్రశాంతంగా జరిగింది.

అదే కాటలోనియాలో, బార్సిలోనాకి ఉత్తరాన, సావు అనే రిజర్వాయర్ ఉంది. 1960ల మొదట్లో ఆ నీళ్ళలో సంత్ రొమా అనే ఊరు మునిగింది. పదకొండో శతాబ్దపు చర్చి గంటగోపురం మాత్రం నీళ్ళు తగ్గినప్పుడల్లా పైకి కనపడుతుంది. 2023లో తీవ్రమైన కరువు వచ్చి గోపురమే కాదు, చర్చి మొత్తం బయటపడింది. చూడటానికి జనం కార్లు వేసుకుని వచ్చారు, ఫోటోలు దిగారు. మునిగిపోయిన ఊరు అరవై ఏళ్ళకి టూరిస్ట్ స్పాట్ అయింది. రేపు ఏ కరువులోనో వేములఘాట్ గుడి గోడ ఏదైనా తేలితే మనవాళ్ళూ డ్రోన్ షాట్లు తీస్తారు, సందేహం లేదు. ఊరు ఉన్నన్నాళ్ళూ దాన్ని చూడటానికి ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

కానీ ఆ గోపురం గురించి ఆలోచిస్తే ఒక మేలు కనపడుతుంది. అది తేలిన ప్రతిసారీ, అక్కడికి సెల్ఫీ కోసం వచ్చినవాడికి కూడా, ఇక్కడొక ఊరుండేదని తెలుస్తుంది. మనకి అలాంటి గోపురం లేదు. మన దగ్గర ఉన్న గోపురం కుర్చీ ముందుకి జరుపుకుని వేలు పెట్టి చూపించే మనిషే. ఆ మనిషిని 'ఇప్పుడవన్నీ ఎందుకు' అన్నప్పుడు మనం ముంచేది ఇంకొకటి.

*

మూడో అర్థం, వీడ్కోలు.

మునిగిన ఊళ్ళవాళ్ళలో చాలామందికి గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి వైపు పునరావాస కాలనీ కట్టారు. వరసలుగా రెండు పడకగదుల ఇళ్ళు, సిమెంటు రోడ్లు. నష్టపరిహారం గురించి మాట్లాడేటప్పుడు ఇల్లు, భూమి, చెట్టు, బావి లెక్కేస్తారు. లెక్కలోకి రానిది ఒకటుంది: తీరిక. తీరిక అనే మాట 'తీరు' నుంచి వచ్చింది, పని తీరాక మిగిలేది. దానికి ముందు పని ఉండాలి, తర్వాత కూచోవడానికి చోటుండాలి. ఊళ్ళో రెండూ ఉండేవి. నాట్లయ్యాక వేపచెట్టు కింద గద్దె, చెరువుకట్ట, కల్లు మండువా, మల్లన్న పట్నాలు, బతుకమ్మ వేసే నీళ్ళు. భూమి పోయినవాడికి పని పోయింది. పని లేకుండా కాలనీ అరుగు మీద పొద్దంతా కూచోవడాన్ని తీరిక అనలేం, అది ఖాళీ. నిర్వాసితుడి దగ్గర పనే కాదు, విశ్రాంతి కూడా తీసుకున్నాం. తీసుకున్న ఆ విశ్రాంతే ఒడ్డు మీద మాకు అద్దెకి దొరికింది.

ఇది తెలిసిన తర్వాత ఏం చెయ్యాలి? రెండు సంగతులు స్పష్టంగా కనపడుతున్నాయి నాకు. ఒకటి, విశ్రాంతి కోసం ఇంకొకరిని మాట్లాడవద్దనకూడదు. ఊరి పేరు వింటే చెడిపోయే ప్రశాంతత విశ్రాంతి కాదు, మత్తు. మత్తుకీ విశ్రాంతికీ తేడా ఏమిటంటే, విశ్రాంతి తర్వాత మనిషికి లోకం ఇంకాస్త స్పష్టంగా కనపడాలి. అరిస్టాటిల్ తీరికని పనికంటే పైన పెట్టింది అందుకే, తీరిక దొరికినవాడు ఆలోచిస్తాడని. పన్నెండు కుర్చీలు చుట్టూ వేసుకుని, ఎక్కడికీ పోయే తొందర లేకుండా కూచున్నది ఈ మాటలు వినడానికి కాకపోతే మరి దేనికి? ఆఫీసులో ఎలాగూ టైమ్ లేదు.

రెండోది, ఈ బాకీ తీర్చలేనంత అమూర్తమైంది కాదు. సావు ఊరివాళ్ళు మునిగి అరవై ఏళ్ళయింది. మనవాళ్ళు ఉన్నారు, ఆ మేడ మీంచి కారులో గంట దూరంలో. వాళ్ళకు రావాల్సినదాని గురించి, కాలనీలో ఉపాధి గురించి మాట్లాడే బాధ్యత వాళ్ళొక్కరిదే ఎందుకు కావాలి? నీళ్ళ ఒడ్డున సుఖపడేవాడు ఆ మాట ఎత్తితే అది దానం కాదు. అతని ఇన్వాయిస్‌లో రాని లైన్‌ని అతనే రాసుకోవడం. ప్లాటు కొనేవాడు, అద్దెకిచ్చేవాడు, టూరిజం బోర్డు పెట్టేవాడు, ఎవరి స్థాయిలో వాళ్ళు రాయొచ్చు. బోటింగ్ ధరల పక్కన ఎనిమిది ఊళ్ళ పేర్లు రాసిన బోర్డు పెట్టడానికి టీఎంసీలు అక్కర్లేదు. ఒడ్డున వచ్చే వ్యాపారంలో మొదటి హక్కు మునిగిన ఊళ్ళవాళ్ళదని రాయడానికి ఒక జీవో చాలు.

మా వైపు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎవరూ 'పోతున్న' అనరు. అంటే పెద్దవాళ్ళు కోప్పడతారు. 'పోయొస్త' అనాలి. పోవడంలోనే రావడం కూడా ఉండాలి. సెలవు తీసుకోవడమంటే అది, తిరిగొస్తానన్న మాట మీద తీసుకునే అనుమతి. ట్రాక్టర్లలో సామాను ఎక్కించుకుని ఎనిమిది ఊళ్ళ జనం బయల్దేరిన రోజు ఆ మాట అనడానికి ఎవరికీ నోరు వచ్చి ఉండదు. ఆ మాట అనలేక పోయినవాళ్ళ చోటికి మనం సెలవు మీద వెళ్తాం, రెండు రాత్రులుండి మళ్ళీ వస్తామని యజమానికి చెప్పి వస్తాం. వెళ్ళొద్దనడం లేదు నేను. వెళ్ళినప్పుడు ఆ పేర్లు తెలిసినవాళ్ళు పక్కన ఉంటే, వాళ్ళు చెప్పడం అయ్యేదాకా మనం ఆరాంగా కూచుని విందాం.